గెరిల్లా వచ్చింది, చూడండి

జూన్ 9, 2003. సోమవారం

గొరిల్లా వస్తోందట. మా జూకి. పొద్దున్నే రామకృష్ణ టేబుల్ మీద చెయ్యి చరిచి మరీ చెప్పాడు. ఆఫీసులో అయితే మేనేజర్ గారండి, రామకృష్ణ గారండి. ఇది నా డైరీ. ఇందులో వాడికి గారూ లేదు, అండీ లేదు.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు తవ్వి సంపాదించిన సూర్యరాజు గారు, రాజమండ్రి బయట కొబ్బరితోట కొని ఈ జూ పెట్టి ఆరేళ్ళయింది. ట్రస్టు ఆయనది. పెత్తనం రామకృష్ణది. అంతకు ముందు వీడు రొయ్యల మేత కంపెనీలో సేల్స్ చూసేవాడు. జంతువుల గురించి వాడికి తెలిసిందల్లా ఏది ఎన్ని కిలోలు తింటుందోనే.

పుష్కరాలకి ఇంకా యాభై రోజులుంది. గోదావరిలో మునిగిన ప్రతి మనిషీ తడిబట్టలతోనైనా సరే ఇటొచ్చి గొరిల్లాని చూసి వెళ్ళాలట. అందుకని ఇప్పట్నుంచే జనంతో మాట్లాడుతూ ఉండాలట. కరపత్రాలు, బోర్డులు, ఆటోలో మైకు, కేబుల్ టీవీలో స్క్రోలింగ్, స్కూళ్ళకి ఉత్తరాలు. కమ్యూనికేషన్ గ్యాప్ ఉండకూడదు తులసీ అన్నాడు. ఆ ముక్క ఎక్కడ నేర్చుకున్నాడో గానీ నాలుగుసార్లన్నాడు.

ఆ రాతంతా నాదే. సిస్టమ్ మీద కొట్టేది నేనే, మైకులో చదివేది నేనే. ఇక్కడ తప్పుల్లేకుండా తెలుగు రాసేది రామతులసి ఒక్కతే.

సరేనండి అన్నాను.

జూన్ 10

నిన్న రాయకుండా వదిలేసింది ఒకటుంది. రాసేస్తాను, ఒక పని అయిపోతుంది.

కిందటేడు ఆగస్టు ఇరవై, మధ్యాహ్నం. ఎలుగుబంట్ల వైపు కేకలు వినపడ్డాయి. రామకృష్ణ పరుగున వచ్చి, ముందు నోటీసు కొట్టు, పేపరు వాళ్ళొచ్చేస్తారు అన్నాడు. వాడు చెబుతున్నాడు, నేను కొడుతున్నాను. సిబ్బంది అజాగ్రత్త వలన జరిగిన ప్రమాదమునకు చింతిస్తున్నాము. కంగారులో అజాగ్రత్తకి త ఒత్తు పడలేదు. వెనక్కి వెళ్ళి దిద్దాను. ప్రింటు తీసి చేతికిచ్చాక అడిగాను, దెబ్బ ఎవరికండీ అని.

మీ నాన్నకే అన్నాడు. కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు.

కాకినాడ తీసుకెళ్ళారు. కుడిచెయ్యి మోచేతి దగ్గర తీసేశారు.

మా నాన్న పేరు రాముడు. ముప్ఫై ఏళ్ళు గోదావరి మీద వల వేసి, చేపలు తగ్గాక ఇక్కడ కీపరుగా చేరాడు. చదువు లేదు. ఎలుగుబంట్ల బోను గడియ తుప్పు పట్టిపోయిందని మూడుసార్లు నోటితో చెప్పాడు. నాలుగోసారి నా చేత అర్జీ రాయించాడు. దాన్ని రామకృష్ణ చేతిలో పెట్టింది నేను. అలాంటి కాగితమేదీ రాలేదన్నాడు తర్వాత. కూతురి మాట సాక్ష్యం కాదన్నాడు. నాన్నని పనిలోంచి తీసేసి, పెయింటరు చేత రేకు బోర్డు రాయించి బోను పక్కన కొట్టించాడు. "అజాగ్రత్త వలన రాముడు అను కీపరు చేయి కోల్పోయెను. తక్కిన సిబ్బంది గమనించగలరు." పసుప్పచ్చ మీద నల్లరంగు. రోజూ దాని ముందు నుంచే నేను ఆఫీసుకి వెళతాను.

మా పేటకి చేరేసరికి ఆ అజాగ్రత్త కాస్తా తాగి ఉన్నాడట అయిపోయింది. నాన్న జన్మలో చుక్క ముట్టలేదు. పది నెలలుగా గడప దాటలేదు. ఎలా జరిగింది నాన్నా అంటే, జరిగిందిలే అంటాడు. ఆ బోను తాళంచెవి మాత్రం మా ఇంట్లో మేకుకే వేలాడుతోంది. ఇచ్చెయ్యమని ఆఫీసు నుంచి మూడుసార్లు కబురొచ్చింది. ఇవ్వడు. ఎందుకో చెప్పడు.

మరి నువ్వెందుకే ఇంకా అక్కడ అని అందరూ అడుగుతారు. మానేస్తే వాడి పక్కన ఉండేదెవరు? ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు. అందాకా నమస్కారమండి, సరేనండి, అలాగేనండి.

జూన్ 13

మొదటి బోర్డు ప్రూఫ్ పట్టుకెళ్ళాను. ఫోన్లో మాట్లాడుతూనే పచ్చ ఇంకుతో సంతకం గీకేశాడు. చదవలేదు. చదవరాండీ అంటే, నువ్వు రాసిందాంట్లో తప్పేంటమ్మా ఉండేది అన్నాడు.

ఆ మాట జాగ్రత్తగా దాచుకున్నాను.

జూన్ 20

వచ్చింది. మద్రాసు దాకా విమానంలో, అక్కడి నుంచి లారీలో. ఏదో విదేశీ జూలో ముసలిదైపోతే వీళ్ళకి ఇచ్చారు. మగది. కాగితాల్లో పేరు హ్యూగో. సూర్యరాజు గారు ఫోన్లో భీముడు అని పెట్టేశారు.

లారీ ముందు కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఎవరో ఆంజనేయస్వామికి వేసినట్టు వడమాల తెచ్చారు, ఎలా వెయ్యాలో తెలియక బోను ఊచకి కట్టేశారు. భీముడు దిగాడు. అందర్నీ ఒకసారి చూశాడు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అంతే. సాయంత్రం దాకా జనం చూసింది వాడి వీపే.

రామకృష్ణ నా దగ్గరికొచ్చి, ఇటు తిరగడంలేదేంటి, జనానికేం చెబుదాం అన్నాడు. ప్రయాణ బడలికతో విశ్రాంతి తీసుకుంటున్నాడు అని రాశాను.

నాకైతే వాడు నచ్చాడు. నేను చెయ్యలేని పని వచ్చిన రోజే చేశాడు.

జూన్ 22. ఆదివారం

జూ పక్కనున్న కాలనీ వాళ్ళతో మీటింగు, వాళ్ళ కమ్యూనిటీ హాల్లోనే. కుర్చీలు చాలక జనం కిటికీల్లో కూర్చున్నారు. ఏం అడిగినా చెబుతాం, భయాలుంటే తీరుస్తాం అని రామకృష్ణ మైకు పట్టుకున్నాడు.

మహాలక్ష్మమ్మ గారని కాలనీలో పెద్దావిడ, మొదటి వరసలో కూర్చుంది. గొర్రెలా ఉంటదన్నారు, గొర్రెకి అంత గోడ ఎందుకు కట్టారు బాబూ అని అడిగింది. గొర్రెలా కాదండి, గొరిల్లా అని విడమరచి చెప్పేసరికి హాలంతా నవ్వులే. ఆడవాళ్ళని ఎత్తుకుపోతుందట కదా అని ఒకాయన. మాంసం తినదా, నిజంగా ఆకులేనా అని ఇంకొకాయన. పెళ్ళయిందాండీ దానికి అని వెనక నుంచి ఎవరో. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

అప్పుడు మహాలక్ష్మమ్మ గారే మళ్ళీ లేచింది. పోయినేడు తాగేసి బోను తీసేశాడే, ఆ కీపరే దీన్నీ చూసుకుంటాడా, అలాగైతే మా పిల్లల్ని ఇంట్లోంచి కదలనివ్వం అంది. పాపం, ఆవిడకి నేనెవరో తెలియదు. రామకృష్ణకి తెలుసు. తాగలేదండి అని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. ఆ మనిషిని ఎప్పుడో పీకేశామండి, ఇప్పుడు మా దగ్గర అజాగ్రత్తకి చోటే లేదు అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఇటు తిరిగి, ఈ పాయింట్ మినిట్స్‌లో రాసుకో తులసీ అన్నాడు.

రాసుకున్నాను. త ఒత్తుతో సహా.

జూన్ 23

వీణ్ణి వదిలిపెట్టను.

జూలై 3

నాన్న రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నాడు. నా కోసం కాదు, కబుర్ల కోసం. ఏం తిన్నాడు, నీళ్ళు తాగాడా, ఇటు తిరిగాడా అని. వాళ్ళ గొరిల్లాతో నీకెందుకు నాన్నా అని కసిరాను. చెయ్యి పోగొట్టుకున్న చోటుకి ఇంకా అంత ప్రేమేంటి? ఒళ్ళు మండిపోయింది నాకు.

మెల్లిగా అడిగాడు. వాడి ఎదురుగా కూర్చుని ఎవరైనా తింటున్నారా అని. లేదన్నాను, ఊచల్లోంచి తోసేసి వచ్చేస్తారు, సగానికి సగం అలాగే మిగులుతోందన్నాను. అదీ సంగతి అన్నాడు. కొత్తచోట ఒంటరిగా ముద్ద దిగదు, ఎదురుగా ఒకళ్ళు తింటుంటే తింటాడు, రామకృష్ణ గారితో చెప్పమ్మా అన్నాడు.

నాన్నకి ఇప్పటికీ వాడు గారే. చెప్పను. చస్తే చెప్పను.

జూలై 8

కొత్త స్కీము. గొరిల్లా గురించి మీ సందేహాలు పోస్టుకార్డు మీద రాసి పంపండి, జవాబులు నోటీసు బోర్డులో పెడతాం. అన్ని స్కూళ్ళకీ ఉత్తరాలు వెళ్ళాయి. జవాబులు ఎవరు రాయాలో వేరే చెప్పాలా.

జూలై 15

పుష్కరాల కరపత్రం. ఇరవై వేలు. రేవుల దగ్గర, బస్టాండులో, స్టేషన్లో పంచాలి. మాటలు వాడే చెప్పాడు, నేను కొట్టాను. దేవుడు ఇలా కూడా ఇస్తాడా అనిపించింది.

ఇదిగో, మాట పొల్లుపోకుండా:

"అడవిని వదిలి మన మధ్యకు గొరిల్లా! పుష్కరాల పన్నెండు రోజులూ గొరిల్లా మకాం రాజమండ్రిలోనే. ప్రజలు భయపడనవసరం లేదు. గొరిల్లా మన మిత్రుడు. అతనికి తిండి, వసతి మేమే చూస్తున్నాము. మీ కళ్ళతో చూడండి, మీవారికి చెప్పండి, సహకరించండి."

ఇందులో నేను మార్చాల్సింది ఒక్క గుర్తు. గ మీద ఒత్వం తీసి ఎత్వం పెడితే చాలు. గొరిల్లా గెరిల్లా అవుతుంది. పైన మన్యంలో రోజూ కాల్పులు. పేపరు తిప్పితే గెరిల్లా దళాలు, గెరిల్లా దాడులు. పుష్కరాలకి రేవుల నిండా పోలీసులు దిగారు. సూర్యరాజు గారి ట్రస్టు పేరుతో, మేనేజరు రామకృష్ణ సంతకంతో, తిండీ వసతీ మేమే చూస్తున్నాం అని ఇరవై వేల కాగితాలు!

మూడు చోట్ల మార్చాను. హెడ్డింగులో ఒకటి, కింద రెండు.

జూలై 16

పచ్చ ఇంకు పడింది. చదవలేదు. ప్రెస్సుకి ఇంకో కాపీ పంపి, సంతకం ఉన్న ప్రూఫు ఇంటికి తెచ్చుకుని బియ్యం డబ్బా అడుగున పెట్టాను.

జూలై 17

ప్రెస్సు నుంచి జీవరాజు బాబాయి ఫోను. నాకు అక్షరాలు కూర్చడం నేర్పింది ఆయనే. పదో తరగతి తర్వాత వేసవి సెలవుల్లో సీసం అక్షరాలు పేర్చిన రోజుల నుంచీ నన్ను అమ్మడూ అనే పిలుస్తాడు. అమ్మడూ, గొ కి ఒత్వం పడలేదే, మూడు చోట్లా అలాగే ఉంది, దిద్దెయ్యనా అన్నాడు.

తలుపు వైపు ఒకసారి చూసి, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

అలాగే వెయ్యమన్నారు బాబాయ్, మేనేజరు గారు సంతకం పెట్టేశారు అన్నాను. అలాగే అంటారు కాబోలు ఇప్పుడు, సరే నువ్వు చెప్పాక ఇంకేంటి అన్నాడు.

జూలై 21

పంచారు. ఏడింటికల్లా అన్ని రేవుల్లోనూ.

జూలై 22. మధ్యాహ్నం

జీపు వచ్చింది. రెండు. సి.ఐ. గారు దిగారు. చేతిలో మా కరపత్రం.

రామకృష్ణ వి.ఐ.పి. వచ్చాడనుకుని గుమ్మం దాకా ఎదురెళ్ళాడు. ఇక్కడ గెరిల్లా ఉన్నాడా అని సి.ఐ. గారు అడిగారు. వీడికి గొరిల్లా అనే వినపడింది. ఉన్నాడండి, మా దగ్గరే, నెల రోజులై మేపుతున్నామండి అన్నాడు పళ్ళన్నీ బయటపెట్టి. ఎవరు పంపారని అడిగితే పైనుంచి వచ్చాడండి, అంతా సూర్యరాజు గారే దగ్గరుండి చూశారండి అన్నాడు. చూస్తారా సార్, కొంచెం కోపిష్టి, ముందు మీరు తుపాకులు పక్కన పెట్టాలి అన్నాడు!

నేను సిస్టమ్ వెనక తల దించుకుని పెదవి కొరుక్కున్నాను. రక్తం వచ్చింది.

కాసేపటికి బోను చూశారు, భీముడి వీపు చూశారు, సంగతి అర్థమైంది. కానీ అప్పటికే మార్కండేయస్వామి గుడి దగ్గర అన్నలు దిగారని పుకారు లేచి, రేవులో జనం తోసుకుని ఇద్దరు పడ్డారట. దెబ్బలు చిన్నవేనట. సి.ఐ. గారికి నవ్వు రాలేదు. రామకృష్ణని జీపెక్కించారు. గుమ్మం దగ్గర వాడి చెప్పు ఒకటి జారింది. మళ్ళీ వేసుకోనివ్వలేదు.

ఆ చెప్పు ఇంకా అక్కడే పడి ఉంది. వెళుతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసుకున్నాను.

సాయంత్రం

అన్నం రెండోసారి వడ్డించుకున్నాను. నాన్న అడిగాడు, ఏంటమ్మా ఇవాళ అంత హుషారు అని.

జూలై 23

భీమవరం నుంచి సూర్యరాజు గారు స్వయంగా వచ్చి విడిపించుకున్నారు. రామకృష్ణ ఆఫీసుకొచ్చాడు. గడ్డం మాసింది. బాగుంది.

ప్రెస్సు వాళ్ళ తప్పండి, మా ప్రూఫ్‌లో సరిగ్గానే ఉంది అని స్టేషన్లో చెప్పొచ్చాడట.

జూలై 24

జీవరాజు బాబాయి ప్రెస్సుకి తాళం పడింది. విచారణ అయ్యేదాకా తియ్యడానికి లేదట. పుష్కరాల సీజను. సంకల్పం పుస్తకాలు, బోర్డులు, పెళ్ళిశుభలేఖలు, అన్నీ లోపలే ఉండిపోయాయి. పరుగెత్తాను. బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చేతులకి ఇంకు మరకలతో.

పోలీసులడిగితే ఏం చెప్పారు బాబాయ్ అన్నాను. పొరపాటున ఒత్వం జారిపోయింది బాబూ, నాదే తప్పు అని చెప్పాడట. నేను ఫోన్లో అన్నది చెప్పలేదా అన్నాను. ఆడపిల్లవి, నిన్ను స్టేషనుకి పిలిస్తే ఏం బాగుంటుంది అన్నాడు. మంచినీళ్ళు తాగుతావా అమ్మడూ అని అడిగాడు.

నన్ను చెప్పుతో కొట్టినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

జూలై 25. శుక్రవారం

పోలీసులు సవరణ ప్రకటన ఇవ్వమన్నారట. మైకులో ఊరంతా తిరిగి చెప్పాలి, నోటీసు కూడా అంటించాలి. రామకృష్ణ నా వెనక నిలబడి డిక్టేట్ చేశాడు. కొట్టాను. గొరిల్లా అనుటకు బదులు గెరిల్లా అని పడినది. ఇది ప్రెస్సు జీవరాజు గారి

ఇక్కడ ఆగాడు. మాట కోసం వెతుక్కున్నాడు. నాకు తెలుసు ఏం వస్తుందో.

అజాగ్రత్త వలన అన్నాడు.

చేతులు కీబోర్డు మీంచి తీసేశాను. తలనొప్పిగా ఉందండి, రేపు కొడతాను అన్నాను. ఎల్లుండి మైకు, గుర్తుంచుకో అన్నాడు. ఇప్పుడు ప్రతి అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాడు, జన్మకో శివరాత్రి అన్నట్టు.

పోస్టు చూసి పోదామని కూర్చున్నాను. నలభై కార్డులు. గొరిల్లా స్నానం చేస్తుందా, గొరిల్లాకి ఇంగ్లీషు వచ్చా. ముప్ఫయ్యోదో ఎన్నోదో కార్డు ద్రాక్షారామం నుంచి. శ్రీసత్య, ఏడో తరగతి. గుండ్రటి రాత. ఇక్కడ అంటిస్తున్నాను, పోగొట్టుకోకూడదు.

"సార్ గారికి నమస్కారములు. మేము పోయిన సంవత్సరం ఆగస్టులో ఎక్స్‌కర్షన్ వచ్చాము. ఎలుగుబంటి తలుపు ఊగిపోయి తెరుచుకుంటుంటే ఒక కీపరు మామయ్య పరుగెత్తుకొచ్చి గడియ ఉండేచోట తన చెయ్యి దూర్చి పట్టుకున్నారు. మేము ముప్ఫై రెండు మందిమి బయటకు వెళ్ళేవరకు తీయలేదు. ఎలుగుబంటి కొరుకుతున్నా పరుగెత్తండి పరుగెత్తండి అని మాకే చెప్పారు. మా టీచరు ఏడ్చారు. నా ప్రశ్న ఏమనగా, గొరిల్లాకు అన్నం పెట్టేది ఆ మామయ్యేనా? ఆయన చెయ్యి తగ్గిందా?"

ఎన్నిసార్లు చదివానో. ఆఫీసు కట్టేస్తాం లెండి అని వాచ్‌మన్ వచ్చి అన్నాడు.

జూలై 26. పొద్దున్న

నాన్నకి కార్డు చదివి వినిపించాను. ఎందుకు చెప్పలేదు అని అరిచాను. పదకొండు నెలలు. ఊరంతా తాగుబోతని అంటుంటే. నాకు, కన్నకూతురికి కూడా.

ఏం చెప్పమంటావే, గడియ లేదు, చెయ్యి ఉంది, పెట్టాను అన్నాడు.

తర్వాత కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇందులో నా పేరు ఎక్కడుంది అని అడిగాడు. పేరు లేదు నాన్నా, మామయ్య అని ఉంది, ఇదిగో అని వేలు పెట్టి చూపించాను. చాలాసేపు ఆ మాట మీదే వేలు ఉంచాడు.

నేను గదిలోకి వెళ్ళి ఏడ్చాను. కోపమో ఏమిటో తెలియలేదు. కోపమే.

అదే రోజు

వాడు చెప్పినట్టే మొత్తం కొట్టి ఇచ్చాను. కూడబలుక్కుని చదివాడు. సంతకం పెట్టాడు. గుడ్ అన్నాడు.

జూలై 27. ఆదివారం

ఆటో, రెండు హారన్లు, నేను, డ్రైవరు. పొద్దున్న తొమ్మిదికి మొదట కాలనీలోకే పోనివ్వమన్నాను. జనం గేట్ల దగ్గరికొచ్చారు. మహాలక్ష్మమ్మ గారు చీపురు పట్టుకునే నిలబడింది.

కాగితం చదవడం మొదలుపెట్టాను. గొరిల్లా అనుటకు బదులు గెరిల్లా అని పడినది. అక్కడ కాగితం మడిచేశాను.

తప్పు ప్రెస్సుది కాదండి, జీవరాజు గారు పట్టుకుని అడిగారు, వద్దన్నది నేను, నా పేరు రామతులసి, కావాలనే మార్చాను అన్నాను. ఎందుకంటే నేను కీపరు రాముడి కూతుర్ని అన్నాను. తర్వాత శ్రీసత్య కార్డు చదివాను. మొత్తం. గడియ తుప్పు పట్టిందని ఇచ్చిన అర్జీలో ఏముందో కూడా చెప్పాను. ఎవరి చేతికిచ్చానో పేరుతో చెప్పాను. గారు పెట్టలేదు.

డ్రైవరు ఆటో ఆపేస్తాడేమో అనుకున్నాను. తర్వాత ఎటు పోనిమ్మంటారండి అన్నాడు.

కోటిలింగాల రేవు, గోదావరి స్టేషను, బస్టాండు. అన్నిచోట్లా చెప్పాను. చివర్లో మా పేట. అక్కడ చదవలేకపోయాను, డ్రైవరే చదివాడు. మా ఇంటి తలుపు మూసే ఉంది.

జూలై 28

స్టేషనుకి నేనే వెళ్ళాను, బియ్యం డబ్బాలోని ప్రూఫుతో. సి.ఐ. గారు పచ్చ సంతకం చూశారు, నన్ను చూశారు. ఎంత పని చేశావమ్మా అన్నారు. ఇద్దరు పడ్డారు, ఇరవైమంది పడి ఉంటే అన్నారు. నిజమే. స్టేట్‌మెంట్ రాసిచ్చాను. మళ్ళీ పిలిస్తే రావాలన్నారు. ప్రెస్సు తాళం మధ్యాహ్నానికి తీశారు.

ఉద్యోగం పోయింది. ఆ ఉత్తరం కొట్టేవాళ్ళు లేక రామకృష్ణ చేత్తో రాసి పంపాడు. ఆరు తప్పులు. దిద్ది తిరిగి పంపించాను.

వాడి ఉద్యోగం మాత్రం పోలేదు. సూర్యరాజు గారికి చుట్టమట.

జూలై 30. బుధవారం. పుష్కరాలు మొదలు

పొద్దున్నే నాన్న ఉతికిన చొక్కా అడిగాడు. పదకొండు నెలల తర్వాత. గుండీలు పెట్టాను. రేవుకేమో అనుకున్నాను. జూకి అన్నాడు. మేకుకి ఉన్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. కారియర్లో అన్నం, చేపల పులుసు పెట్టమన్నాడు.

అందరిలాగే లైన్లో నిలబడి టికెట్ కొనుక్కున్నాం. గేటు దగ్గర వాళ్ళు వద్దన్నారు గానీ కొన్నాడు. దారిలో ఇద్దరు ముగ్గురు నమస్కారం రాముడు గారూ అన్నారు. నాన్న వెనక్కి తిరిగి చూశాడు, ఆ రాముడు గారు ఎవరా అని.

భీముడి ముందు కింద కూర్చున్నాడు. కారియరు విప్పాడు. ఎడమచేత్తో కలిపి మెల్లిగా తిన్నాడు, ఒక్క ముద్ద కూడా ఊచలవైపు చూపించకుండా. జనం విసుక్కున్నారు, ఈయనెవడండీ అడ్డంగా అని. సగం అయ్యాక లోపల గడ్డి చప్పుడైంది. భీముడు ఇటు తిరిగాడు. ముసలి మొహం. నాన్న మోచేతి దగ్గరే చూస్తున్నాడు. తర్వాత తన అరటి దవ్వ తీసుకుని వాడూ తినడం మొదలుపెట్టాడు. ఇద్దరూ అలా తిన్నారు.

ఇంత పంతం పట్టి ఈ చిన్నమాట రామకృష్ణకి చెప్పకుండా నెల రోజులు వాణ్ణి సగం కడుపుతో ఉంచింది నేను. అది కూడా రాసుకోవాలి.

వచ్చేటప్పుడు ఎలుగుబంట్ల దగ్గర బోర్డు ముందు ఆగాడు. చదివి చెప్పమన్నాడు. చెప్పాను. ఎప్పుడూ చెప్పలేదు ఇన్నాళ్ళూ. ఇందులో ఏ అక్షరం తీసేస్తే నా తప్పు పోతుందమ్మా అని అడిగాడు.

మొదటిది నాన్నా అన్నాను.

జేబులోంచి తాళంచెవి తీశాడు. ఎడమచెయ్యి కదా, ఆలస్యమైంది. నేను గీకుతానంటే వద్దన్నాడు. నల్లరంగు పొడి చొక్కా మీద పడింది.

ఆగస్టు 10. పుష్కరాల ఆఖరి రోజు

నాన్న రోజూ టికెట్ కొనుక్కుని కారియరుతో వెళుతున్నాడు. ఆ ఖాళీ అలాగే ఉందమ్మా, ఎవరూ రంగు వెయ్యలేదు అని ఇవాళ కూడా చెప్పాడు.

"జాగ్రత్త వలన రాముడు అను కీపరు చేయి కోల్పోయెను. తక్కిన సిబ్బంది గమనించగలరు."

రామకృష్ణ రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి వెళతాడు. తనే రాయించిన బోర్డు కదా, చదవడు.